మూడు గదుల వరండాలో వేడికి హద్దు వెతికే పద్ధతి

ఈ పాఠానికి కావలసినవి తక్కువే. కడప బండలు పరిచిన పొడుగాటి వరండా, సుద్దముక్కలు, కొలిచే టేపు, లాగరిథమ్ మీట ఉన్న క్యాలిక్యులేటర్ (ఫోనులో ఉన్నా చాలు), రెండో రోజుకు ఆరు రూపాయి నాణేలు. మొదటిది మా జిల్లాలో వెతకాల్సిన పని లేదు. ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఏ పాత హైస్కూలుకు పోయినా కాలికింద ఆ నల్ల బండే. నేను ఫిజికల్ సైన్స్ చెప్పేది అలాంటి బడిలోనే. ప్రతి ఏడూ ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే తొమ్మిదిలోనో పదిలోనో ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "మేడం, వేడి ఎంతదాకా పోతాది? యాడో ఒకచోట ఆగాల గదా?"

చాలామంది టీచర్లు ఇక్కడ రెండు జవాబుల్లో ఒకటి చెప్పి కూర్చోబెడతారు. "హద్దు లేదు, కూర్చో" అనేది ఒకటి. "ప్లాంక్ ఉష్ణోగ్రత" అని బోర్డు మీద ఒక పెద్ద అంకె రాసేయడం రెండోది. నాకు రెండూ నచ్చవు. మొదటిది పిల్లవాడి నోరు మూయిస్తుంది. రెండోది ఇంకా అన్యాయం, తెలిసినట్టు అనిపించి లోపల ఏమీ మిగల్చదు. నేను చెప్పే పద్ధతికి ఒక పూట పడుతుంది, నాణేల పని కూడా పెట్టుకుంటే ఇంకో పీరియడ్.

మొదలుపెట్టే ముందు క్లాసుకు ఒక్క అలవాటు నేర్పండి. ఎవరైనా "ఇదే హద్దు" అన్న ప్రతిసారీ పిల్లలు "ఎవరి హద్దు?" అని తిరిగి అడగాలి. కొలిచే పరికరానిదా, వేడెక్కే వస్తువుదా, మన లెక్కదా, ప్రకృతిదా? దీనికి మంచి సాధనం మీ స్టాఫ్ రూము బీరువాలోనే ఉంటుంది, కోవిడ్ కాలంలో కొన్న నుదుటి థర్మామీటర్. దాన్ని వేడి టీ గ్లాసు వైపు పెట్టి మీట నొక్కండి. మనిషి ఒంటికోసం చేసినది కాబట్టి అంకె చూపకుండా "హై" అని చూపి ఊరుకుంటుంది. టీ వేడి అక్కడ ఆగిపోయిందా? లేదు, పరికరం చేతులెత్తేసింది. పాదరసం థర్మామీటర్ అయినా అంతే. −39 డిగ్రీల దగ్గర పాదరసం గడ్డకడుతుంది, 357 దగ్గర మరుగుతుంది. ఆ తర్వాత అది థర్మామీటరే కాదు. ఈ "హై" అన్న మాట పాఠం చివరిదాకా పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

గీతలు గీయడం

బండకూ బండకూ మధ్య సిమెంటు సందు ఉంటుంది కదా, అవే మన గీతలు. వరండా ఒక చివర సందు మీద సుద్దతో 0 వేయండి. తర్వాతి సందు 1, ఆ తర్వాతిది 2, అలా 32 దాకా. మామూలుగా బండ రెండడుగులు ఉంటుంది. 33 బండలంటే 66 అడుగులు, మూడు క్లాసురూముల ముందు వరండా దాదాపు సరిపోతుంది. చాలకపోతే మూల తిరగండి, తప్పు లేదు. బండలు ఒకటి అరంగుళం ఎక్కువ, ఒకటి తక్కువ ఉన్నా పట్టించుకోకండి.

0 గీత అంటే ఒక కెల్విన్. ఒక్కో బండ దాటితే ఉష్ణోగ్రత పది రెట్లు. 1 గీత దగ్గర 10 కెల్విన్లు, 2 దగ్గర 100, 3 దగ్గర 1,000. సెల్సియస్‌కు 273 కలిపితే కెల్విన్ వస్తుందని పిల్లలకు తెలుసు. ఏ ఉష్ణోగ్రతనైనా నేల మీద పెట్టాలంటే కెల్విన్లలో రాసి లాగరిథమ్ తీయాలి. చుక్కకు ఎడమవైపు అంకె గీత నంబరు. కుడివైపు భాగాన్ని 24తో గుణిస్తే ఆ గీత నుంచి ఎన్ని అంగుళాలో వస్తుంది. ఈ ఒక్క లెక్క వచ్చిందంటే మిగతా పని అంతా పిల్లలే చేసుకుంటారు, మీరు గొడుగు పట్టుకొని నిలబడితే చాలు. ఈ పని పొద్దున తొమ్మిదిలోపే ముగించండి. మార్చి దాటితే మా బండల మీద చెప్పుల్లేకుండా నిలబడటం శిక్ష.

మొదటి లెక్కగా మన ఊరి ఎండనే ఇవ్వండి. 45 డిగ్రీలంటే 318 కెల్విన్లు, లాగరిథమ్ 2.50. రెండో గీత దాటి పన్నెండంగుళాలు, అంటే మూడో బండ సరిగ్గా నడిమధ్య. అక్కడ "కడప మే నెల" అని రాయించండి. తర్వాత డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలు లెక్క కట్టమనండి. అది వచ్చి మే నెల పక్కనే, అంగుళం కూడా లేని దూరంలో పడుతుంది. రగ్గు కప్పుకునే చలికీ, రోడ్డు మీద తారు మెత్తబడే ఎండకూ మధ్య ఉన్నది ఆ కాస్త జాగానే. నీళ్ళు గడ్డకట్టే చోటు నుంచి మరిగే చోటుకు మూడంగుళాల పైచిలుకు. ఆ మాత్రం జాగాలోనే మన బతుకులన్నీ. పిల్లలు ఇక్కడ నేల మీదికి వంగి చేతివేళ్ళతో కొలుస్తారు, కొలవనివ్వండి.

కింది వైపు ఒకసారి

పైకి పోయే ముందు ఒక పిల్లవాణ్ణి 0 గీత నుంచి వెనక్కి నడవమనండి. వెనక్కి ఒక్కో బండంత దూరానికి ఉష్ణోగ్రత పదోవంతు అవుతుంది. −273.15 సెల్సియస్, అంటే సున్న కెల్విన్, కింది హద్దు అని పుస్తకంలో చదువుకున్నారు కదా, అది ఎక్కడుందో చూపించమనండి. వాడు వరండా దిగి, కొళాయి దాటి, కాంపౌండు గోడ దాకా పోయినా అది రాదు. మన గీతల నిచ్చెన మీద సున్నకు చోటే లేదు, ఎన్నిసార్లు పదోవంతు చేసినా ఏదో కొంత మిగులుతూనే ఉంటుంది. 2021లో జర్మనీలోని బ్రెమెన్‌లో రుబీడియం పరమాణువుల మబ్బును ఎత్తైన గోపురం లోపల జారవిడిచి 38 పికోకెల్విన్ల దాకా చల్లబరిచారు. మన కొలతలో 0 గీతకు పదిన్నర బండలు వెనక. అయినా సున్న కాదు. కింది హద్దు అంకె మనకు కచ్చితంగా తెలుసు, అక్కడికి చేరడమే కుదరదు. ఇది ప్రకృతి పెట్టిన హద్దు. నాలుగు రకాల హద్దుల్లో ఇదొక్కటే అనుమానం లేనిది. పై వైపు కూడా ఇలాంటిదే ఉంటుందని అందరూ ఊహిస్తారు, అసలు చిక్కు అక్కడే.

నాలుగో బండ: బంగారం, సిమెంటు, సూర్యుడు

మా వైపు టీచర్లకు ఒక సౌకర్యం ఉంది. ప్రొద్దుటూరు బంగారం బజారు దగ్గరే, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర థర్మల్ స్టేషన్. నాలుగో బండ నిండటానికి జిల్లా దాటి పోనక్కర్లేదు.

బంగారం 1,064 సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నాలుగో బండ మొదట్లో మూడంగుళాలు. సిమెంటు కొలిమిలో క్లింకర్ తయారయ్యేది 1,450 దగ్గర, అది ఐదున్నర అంగుళాల పైన. ఇనుము 1,538, ఆరు దాటి. పాత బల్బులో వెలిగే టంగ్‌స్టన్ తీగ 3,422 దాకా కరగదు, లోహాల్లో అన్నిటికన్నా మొండిది అదే, పదమూడున్నర అంగుళాలు. అదే బండ మీద పద్దెనిమిదో అంగుళం దగ్గర ఎవరుంటారో తెలుసా? సూర్యుడి ఉపరితలం, 5,772 కెల్విన్లు. కడప మే నెల గుర్తు నుంచి సూర్యుడి దాకా టేపు పెట్టి కొలవమనండి. రెండున్నర అడుగులు, ఒక్క అంగ. మా పిల్లల్లో ఒకడు ఆ అంగ వేసి "అందుకేనేమో మేడం మనకింత ఎండ" అన్నాడు.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక మాట అడగాలి. అడగకపోతే మీరే అడిగించండి. సూర్యుడి దగ్గర థర్మామీటర్ ఎవరు పెట్టారు?

దీనికి మా మామ పనిచేసే కొట్టు కన్నా మంచి ప్రయోగశాల నేను చూడలేదు. ఆయన ప్రొద్దుటూరులో కంసాలి. ఇప్పుడు చాలా కొట్లలో గ్యాసు మంట వచ్చింది గానీ, చిన్న పనికి ఆయన ఇంకా బొగ్గు కుంపటే వాడతాడు. మూసలో బంగారం ముక్కలు, చిటికెడు వెలిగారం వేసి, ఊదుగొట్టంతో ఊదుతాడు. కళ్ళు మూస మీద ఉండవు, బొగ్గు మీద ఉంటాయి. ముందు మసక ఎరుపు, తర్వాత నారింజ, అది పసుపులోకి తిరిగే వేళకు మూసలో ముక్కల అంచులు గుండ్రబడతాయి. ఒకదానికొకటి ఆనుకుంటాయి, ఇంకో రెండు ఊదులకు అన్నీ ఒకే బొట్టయి మూస అడుగున కదులుతుంది. పైన వెలిగారం పొర అద్దంలా జారుతుంది. అప్పుడు పటకారు తీసుకుంటాడు. ఆయన దగ్గర థర్మామీటర్ లేదు. ఎంత వేడి అని అడిగితే "ఇంకా రంగు రాలేదమ్మా" అంటాడు.

ఆ రంగే థర్మామీటర్. ఏ గట్టి వస్తువైనా, బొగ్గు కానీ ఇనుము కానీ రాయి కానీ, సుమారు 525 సెల్సియస్ దగ్గర మసక ఎరుపుతో మెరవడం మొదలుపెడుతుంది. వేడి పెరిగేకొద్దీ వెలుగు ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. 2,898ని కెల్విన్లతో భాగిస్తే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు బలంగా ఉందో మైక్రాన్లలో వస్తుంది. సూర్యుడికి అది అర మైక్రాన్. తిప్పి చేస్తే వెలుగును చూసి ఉష్ణోగ్రత చెప్పొచ్చు. నక్షత్రాల వర్ణపటంలో గీతలను బట్టి వాటి వేడిని లెక్కగట్టే దారి 1920లో మేఘనాథ్ సాహా చూపించాడు. ఈ ముక్క తప్పకుండా చెప్పండి. లేకపోతే ఇక్కడి నుంచి పైన వచ్చే అంకెలన్నీ పిల్లలకు ఎవరో కల్పించినట్టు కనిపిస్తాయి.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే తేల్చాలి. ఉష్ణోగ్రత వేరు, అందులో ఉన్న వేడి మొత్తం వేరు. దీపావళి కాకరపువ్వొత్తి రవ్వ వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది, చేతి మీద పడితే చురుక్కుమని పోతుంది. చెంబెడు మరిగే నీళ్ళు నూరు డిగ్రీలే, పడితే ఆసుపత్రే. పాత ట్యూబులైటు లోపల పరిగెత్తే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత పదివేల కెల్విన్ల పైన, 4 గీత దగ్గర. అంటే సూర్యుడి ఉపరితలాన్ని దాటి. అయినా గాజును చేత్తో పట్టుకుంటాం, ఎందుకంటే లోపల ఉన్నది దాదాపు శూన్యం. పై బండల మీద కోట్ల డిగ్రీలు వచ్చినప్పుడు "మరి ఆ యంత్రం కరిగిపోదా?" అని అడుగుతారు. జవాబు ఈ ట్యూబులైటే.

ఐదో బండ నుంచి పదమూడు దాకా

ఇక్కడ త్వరగా నడిపించండి. పిడుగు దారిలో గాలి 30,000 కెల్విన్లకు చేరుతుంది, ఐదో బండ నడుమ. సూర్యుడి చుట్టూ గ్రహణం రోజు కనిపించే కరోనా పది లక్షలు దాటుతుంది, 6 గీత. సూర్యుడి నడిబొడ్డు కోటిన్నర, 7 గీత దాటిన వెంటనే. ఫ్రాన్సులో కడుతున్న ఐటర్ అనే సంలీన రియాక్టర్ (సూర్యుడిలోలా కేంద్రకాలను కలిపి శక్తి తీసేది) లక్ష్యం 15 కోట్ల డిగ్రీలు. సూర్యుడికి గురుత్వం సాయం ఉంది, మనకు లేదు, అందుకే పది రెట్లు ఎక్కువ కావాలి. పేలబోయే పెద్ద నక్షత్రం గుండె కుప్పకూలినప్పుడు 11 గీత దగ్గర. పుట్టి ఒక్క సెకను అయినప్పటి విశ్వం మొత్తం 10 గీత దగ్గర.

600 కోట్ల కెల్విన్ల దగ్గర మాత్రం ఒక క్షణం ఆపండి. ఇక్కడ ఒక కొత్త సంగతి మొదలవుతుంది. వేడి ఎంత గట్టిదంటే ఆ శక్తి నుంచే ఎలక్ట్రాన్లు, వాటి ప్రతికణాలు పాజిట్రాన్లు జంటలుగా పుట్టుకొస్తాయి. మనం పోసే శక్తిలో కొంత ఉన్న కణాలను వేగపరచడానికి కాకుండా కొత్త కణాలను పుట్టించడానికి పోతుంది. వేడెక్కించడం ఖరీదవుతుంది. ఆగిపోదు, ఖరీదవుతుంది అంతే. ఈ తేడా తర్వాత కావాలి.

పదమూడో బండ మీద మా మామ బంగారం మళ్ళీ వస్తుంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో బంగారం కేంద్రకాలనే ఎదురెదురుగా ఢీకొట్టించారు. అక్కడ పుట్టిన ఉష్ణోగ్రత 4 లక్షల కోట్ల డిగ్రీలని 2010లో ప్రకటించారు. రెండేళ్ళకు జెనీవా దగ్గర సెర్న్ అనే ప్రయోగశాలలో సీసం కేంద్రకాలతో సుమారు 5.5 లక్షల కోట్లు వచ్చాయన్నారు. బడ్జెట్ వార్తల్లో తప్ప లక్షల కోట్లు అన్న మాట మా పిల్లలు ఇంకెక్కడా విని ఉండరు. ఆ సెర్న్ ప్రయోగంలో ఒక డిటెక్టర్‌ను మన దేశపు శాస్త్రవేత్తలే, కోల్‌కతా వాళ్ళు ముందుండి, తయారుచేశారు. కొలిచింది ఎలా? అక్కడి నుంచి వచ్చిన వెలుగును బట్టే. కుంపటి దగ్గర మా మామ చేసే పనే, కంటికి కనపడని రంగుల్లో. మనిషి చేత్తో చేసిన అత్యధిక వేడి ఇదే. పదమూడో బండ మీద ముదురుగా ఒక అడ్డగీత గీయండి.

"కాంతి వేగం ఉంది కదా మేడం"

అడ్డగీత గీసేలోపే ఈ ప్రశ్న వస్తుంది. వేడి అంటే కణాల కదలిక, కాంతి కన్నా వేగంగా ఏదీ కదలదు, కాబట్టి వేడికీ హద్దు ఉండాలి. మెచ్చుకోండి, పెద్దవాళ్ళూ ఇలాగే అనుకుంటారు. తర్వాత ఈ లెక్క చూపించండి. సెర్న్ యంత్రంలోకి ప్రోటాన్ వచ్చేటప్పటికే దాదాపు కాంతి వేగంతో వస్తుంది. లోపల తిప్పి తిప్పి దాని శక్తిని 15 రెట్లు చేస్తారు. వేగం ఎంత పెరిగింది? సెకనుకు సుమారు 650 మీటర్లు, మూడు లక్షల కిలోమీటర్లలో. శక్తి 15 రెట్లు, వేగం లెక్కలోకి రానంత. అర్ధ ఎమ్ వి స్క్వేర్ అనే సూత్రం ఇక్కడ పనిచేయదు. వేగానికి పైకప్పు ఉంది, శక్తికి లేదు. ఉష్ణోగ్రత పట్టుకొని నడిచేది శక్తిని, వేగాన్ని కాదు. అంటే కాంతి వేగం ఇక్కడ అసలు హద్దే కాదు.

ఒకసారి హద్దు దొరికిందనుకున్నారు

సెర్న్‌లోనే రోల్ఫ్ హాగెడోర్న్ అనే శాస్త్రవేత్త 1965లో ఇలా లెక్క వేశాడు. ప్రోటాన్ లాంటి కణాల్లో బరువు పెరిగేకొద్దీ కొత్త కొత్త రకాలు విపరీతంగా పెరిగిపోతున్నాయి. అలాగైతే ఒక స్థాయి తర్వాత పోసిన శక్తంతా కొత్త రకాల కణాలను పుట్టించడానికే సరిపోతుంది, ఉష్ణోగ్రత పెరగడానికి ఏమీ మిగలదు. ఆ స్థాయి సుమారు 2 లక్షల కోట్ల కెల్విన్లు, మన అడ్డగీతకు కాస్త ముందు. అంటే వేడికి అంతిమ హద్దు దొరికినట్టే.

మన అలవాటు ప్రకారం పిల్లలు అడగాలి: ఎవరి హద్దు?

1975లో ఇటలీ వాళ్ళు ఇద్దరు, కబిబ్బో, పరీసి, దీనికి జవాబిచ్చారు. ప్రోటాన్లు కడపటి ముక్కలు కావు, వాటి లోపల క్వార్కులున్నాయి. ఆ వేడి దగ్గర ప్రోటాన్లు ప్రోటాన్లుగా ఉండలేక క్వార్కులుగా, వాటిని అతికించి ఉంచే గ్లూయాన్లుగా విడిపోతాయి. నీళ్ళు మరిగేటప్పుడు థర్మామీటర్ 100 దగ్గర నిలబడిపోతుంది కదా. ఎంత మంట పెట్టినా కదలదు, నీళ్ళన్నీ ఆవిరయ్యాక ఆవిరి మాత్రం ఎంతకైనా వేడెక్కుతుంది. ముద్దనూరు థర్మల్ స్టేషన్‌లో టర్బైన్‌కు పోయే ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉంటుంది. 100 అనేది నీళ్ళ హద్దు, వేడి హద్దు కాదు. హాగెడోర్న్ ఉష్ణోగ్రతా అంతే, అది ప్రోటాన్ జాతి కణాల హద్దు. బంగారం, సీసం కేంద్రకాలను ఢీకొట్టించినవాళ్ళు దాన్ని దాటి అవతలి ఆవిరిని చూశారు. పదో తరగతి వాళ్ళకు పేర్లు అక్కర్లేదు, ఈ మలుపు మాత్రం వదలకండి. తర్వాత వచ్చే హద్దును ఏ కన్నుతో చూడాలో ఇదే నేర్పుతుంది.

ఖాళీ బండలు

అడ్డగీత ఉన్న బండ తర్వాత 32 గీత దాకా ఇంకా పంతొమ్మిది బండలున్నాయి. వాటి మీద ఏదో ఒకటి రాయాలని టీచర్లకు చేయి దురదపెడుతుంది. రాయకండి. కావాలంటే 15 గీత దగ్గర ఒక్క మాట. అక్కడ విద్యుదయస్కాంత బలం, కేంద్రకాల్లో పనిచేసే బలహీన బలం రెండూ ఒకటిగా కలిసి ఉంటాయని సిద్ధాంతం చెబుతుంది. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో తప్ప ఎవరూ అక్కడికి పోలేదు. మిగతా బండలను నడిచి దాటమనండి. వరండాలో సగానికి పైగా మనిషి చేయి పడని జాగా అని కాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడ ఒకరు తప్పకుండా "విశ్వంలో శక్తంతా తెచ్చి ఒకే కణానికి ఇచ్చేస్తే?" అంటారు. ఒక్క కణానికి శక్తి ఉంటుంది గానీ ఉష్ణోగ్రత ఉండదు. చాలా కణాలు ఒకదానితో ఒకటి తగులుకొని, శక్తిని పంచుకొని, ఒక లెక్కకు వచ్చాకే ఉష్ణోగ్రత అన్న మాటకు అర్థం. ఆ ఒక్క వాక్యంతో వదిలేయండి, వాదన పెంచితే పీరియడ్ అయిపోతుంది.

32 గీత దగ్గర

ఇప్పుడు అందరినీ చివరికి తీసుకుపోయి బోర్డు తెప్పించండి. ప్లాంక్ ఉష్ణోగ్రతను చెప్పకండి, కట్టించండి. 1899లో మాక్స్ ప్లాంక్ మీటర్లు, కిలోలు లాంటి మనుషుల కొలతలు వదిలేసి ప్రకృతి స్థిరాంకాలతోనే కొలతలు కట్టాడు. మనమూ అదే చేస్తాం.

కాంతి వేగం 2.998 × 10⁸. దాన్ని ఐదుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణిస్తే 2.42 × 10⁴². తగ్గించిన ప్లాంక్ స్థిరాంకం 1.0546 × 10⁻³⁴తో గుణించండి, 2.55 × 10⁸ వస్తుంది. గురుత్వ స్థిరాంకం 6.674 × 10⁻¹¹తో భాగిస్తే 3.83 × 10¹⁸. వర్గమూలం తీస్తే 1.96 × 10⁹ జౌళ్ళు. ఇక్కడ ఆగి కరెంటు యూనిట్లలోకి మార్చమనండి, ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. సుమారు 543 యూనిట్లు! రెండు మూడు నెలల ఇంటి కరెంటు. ఇంటికి కాదు, ఒక్క కణానికి. సెర్న్ యంత్రం ఒక ప్రోటాన్‌కు ఇవ్వగలిగిన శక్తికి ఇది దాదాపు 1,800 లక్షల కోట్ల రెట్లు. ఖాళీ బండలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో వేరే చెప్పక్కర్లేదు.

చివరిగా బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం 1.38 × 10⁻²³తో భాగించండి. 1.417 × 10³² కెల్విన్లు, అంటే 32 గీత దాటి మూడున్నర అంగుళాలు. ముప్పై మూడో బండ మీద సున్న చుట్టండి.

"అయితే ఇదేనా హద్దు మేడం?" ఇక్కడ మీ నోటి నుంచి "అవును" రాకూడదు. ఈ లెక్కలో మనం వాడిన సరుకు ఏమిటో చూపించండి. ఒకటి గురుత్వ స్థిరాంకం, ఒకటి కణాల లెక్కకు వాడే క్వాంటమ్ స్థిరాంకం, అంటే ప్లాంక్‌ది. నిత్యజీవితంలో ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి పని పడదు. ఈ వేడి దగ్గర మాత్రం ఒక్కో కణంలో శక్తి ఎంత కిక్కిరిసి ఉంటుందంటే, దాని గురుత్వాన్ని పక్కనపెట్టడం కుదరదు, అది తనంతట తానే కృష్ణబిలమయ్యే స్థితిలో ఉంటుంది. గురుత్వానికి ఐన్‌స్టైన్ సిద్ధాంతం ఉంది, కణాలకు క్వాంటమ్ సిద్ధాంతం ఉంది, రెండింటినీ కలిపి ప్రయోగంతో రుజువైన సిద్ధాంతం లేదు. కాబట్టి ఆ సున్న దగ్గర ఏం జరుగుతుందో చెప్పే లెక్క మన దగ్గర లేదు. అక్కడ గోడ ఉందని ఎవరూ నిరూపించలేదు, లేదనీ నిరూపించలేదు. అదే అత్యధిక ఉష్ణోగ్రత అని పుస్తకాల్లో, వీడియోల్లో తేల్చిపారేస్తుంటారు. నా దృష్టిలో అది తొందరపాటు. నుదుటి థర్మామీటర్ "హై" అన్నట్టే ఇక్కడ మన సిద్ధాంతం "హై" అంటోంది. పిల్లలను నాలుగు రకాల హద్దుల్లో ఇది ఏదో చేతులెత్తి చెప్పమనండి. మా బడిలో ఎక్కువ చేతులు "మన లెక్క హద్దు"కే లేచాయి. ఒకమ్మాయి మాత్రం "ప్రకృతిది గూడా కావచ్చు, ఇంగా తెలీదు గదా" అంది. ఇద్దరికీ మార్కులు వేయాల్సిందే.

రెండో రోజు, ఆరు నాణేలతో

ఇది తొమ్మిదో తరగతికి వద్దు. పదిలో చురుకైనవాళ్ళకు, ఇంటర్ వాళ్ళకు బాగుంటుంది. నిచ్చెన మీద అసలు చోటే లేని ఒక వేడి ఇందులో ఉంది.

ఆరు నాణేలు బల్ల మీద బొరుసు పైకి పెట్టండి. ఇది శక్తి లేని స్థితి. ఒక్కో నాణేన్ని బొమ్మకు తిప్పడానికి ఒక మోతాదు శక్తి కావాలనుకోండి. ఎన్ని మోతాదులకు ఎన్ని రకాలుగా అమర్చవచ్చో పిల్లలనే లెక్కపెట్టమనండి. సున్నకు 1, ఒకటికి 6, రెండుకు 15, మూడుకు 20. ఇక్కడిదాకా శక్తి పోసేకొద్దీ అమరికల సంఖ్య, అంటే చెల్లాచెదురు, పెరిగింది. మామూలు వస్తువులన్నీ ఇలాగే ఉంటాయి. ఇప్పుడు నాలుగో మోతాదు, 15. ఐదు, 6. ఆరు, 1. శక్తి పెరుగుతోంది, చెల్లాచెదురు తగ్గుతోంది!

శక్తి పోస్తే చెల్లాచెదురు ఎంత వేగంగా పెరుగుతుందో చూసి ఉష్ణోగ్రతను నిర్వచిస్తారు. ఎంత తక్కువగా పెరిగితే అంత వేడి. సగం నాణేల దగ్గర పెరగడం ఆగుతుంది కాబట్టి అక్కడ ఉష్ణోగ్రత అనంతం. ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది కాబట్టి గుర్తు మారి మైనస్ అవుతుంది. ఈ మైనస్ సెల్సియస్ మైనస్ కాదు, చలి కాదు. మైనస్ కెల్విన్లలో ఉన్నదాన్ని దేనికి తగిలించినా శక్తి దీని నుంచే అటు పోతుంది, ఎందుకంటే ఇచ్చుకుంటేనే దీని చెల్లాచెదురు పెరుగుతుంది. అంటే అది ఏ ప్లస్ ఉష్ణోగ్రత కన్నా వేడిది. కాగితం మీది మాయ అనుకుంటారేమో, 1951లో పర్సెల్, పౌండ్ అనే ఇద్దరు లిథియం ఫ్లోరైడ్ స్ఫటికంలో పరమాణు కేంద్రకాల చిన్న అయస్కాంతాలను ఇలాగే తలకిందులు చేసి చూపించారు. 2013లో మ్యూనిక్ బృందం లేజర్లతో బంధించిన పొటాషియం పరమాణువులతో, వాటి కదలికలోనే ఈ స్థితిని తెచ్చింది.

"అయితే ఈ గదిలో గాలిని గూడా మైనస్‌కు తీసుకపోవచ్చా?" అని అడిగించండి. కుదరదు. ఆరు నాణేలూ తిరిగిపోయాక ఇంక శక్తి పోయడానికి చోటు లేదు, నాణేల శక్తికి పైకప్పు ఉంది. గాలి అణువుకు లేదు. నిన్న ప్రోటాన్ దగ్గర చూసిందే, వేగం ఆగినా శక్తి ఆగదు. అందుకే గాలికి ఎంత పోసినా చెల్లాచెదురు పెరుగుతూనే ఉంటుంది, అనంతం దాకా చేరేదే లేదు, ఇక దాటేది ఎక్కడ. పైకప్పు ఉన్న నాణేలేమో అనంతాన్ని దాటి అవతలికి పోతున్నాయి. పిల్లలకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది, ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది.

ఇంటిపనిగా ఎనిమిది నాణేలు ఇవ్వండి. 1, 8, 28, 56, 70, 56, 28, 8, 1 రావాలి. మరుసటి రోజు పట్టిక దిద్దేటప్పుడు 70 దగ్గర ఉష్ణోగ్రత ఎంత, చివరి 1కి కాస్త ముందు గుర్తు ఏమిటి అని అడగండి. మొదటిదానికి "అనంతం" అన్నవాళ్ళు నాణేలు లెక్కపెట్టారు. రెండోదానికి "మైనస్, కానీ నిప్పుకన్నా వేడి" అన్నవాళ్ళకు వచ్చే ఏడు ఈ వరండా పాఠం చెప్పే పని అప్పగించవచ్చు.